పాత గోవా కొండమీది కన్యాస్త్రీల మఠం

పణజి నుండి పాత గోవాకు పోయే దారి మాండవి నది వెంటే సాగుతుంది. చిత్తడి నేలమీద పోర్చుగీసువారు 1633-34 సంవత్సరాలలో వేసిన మూడు కిలోమీటర్ల రాతికట్ట మీదుగా బస్సు పోతూ ఉంటే, ఒక ప్రక్క నది, మరొక ప్రక్క మడచెట్లు కంటికి చల్లగా కానవస్తాయి. పది కిలోమీటర్ల ఈ ప్రయాణం ముగిసేచోట నగరమనేది ఏదీ ఉండదు. పచ్చిక మైదానాల నడుమ, ఒకదానికొకటి ఎడంగా, విశ్రమించిన ఏనుగుల వలె కొన్ని మహామందిరాలు మాత్రం నిలిచి ఉంటాయి.

గోవా చూసినవాడు లిస్బన్ చూడనక్కరలేదని పోర్చుగీసువారు సామెతగా చెప్పుకున్న నగరం ఇదే. అంటురోగాలు దానిని కబళించాయి. 1759లో వైస్రాయి తన నివాసాన్ని పణజికి మార్చుకున్నాడు. 1843లో రాజధాని హోదా పణజికి దక్కింది. పాడుపడిన భవనాల రాళ్ళను జనం ఊడదీసి, కొత్త రాజధానిలో కట్టడాలకు తరలించుకుపోయారు. మిగిలిన చర్చిలకూ మఠాలకూ 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ గౌరవం లభించింది.

యాత్రికులలో నూటికి తొంభైమంది బోమ్ జీసస్ బసిలికాలో పునీత ఫ్రాన్సిస్ శౌరివారి పార్థివ దేహం ఉన్న వెండి పేటికకు నమస్కరించి, ఎదురుగా ఉన్న సే కథీడ్రల్‌ను చూసి, కొబ్బరిబోండాం తాగి బస్సెక్కుతారు. నేను కూడా రెండు పర్యాయాలు అలాగే వచ్చి అలాగే వెళ్ళాను. మూడవసారి ఎందుకో, పడమటి వైపు కొండమీదికి పోయే దారి పట్టాను. ఆ కొండకు పోర్చుగీసువారు పవిత్రగిరి అని పేరు పెట్టుకున్నారు.

కొండ ఎక్కగానే మొదట ఎదురయ్యేది ఒంటరిగా నిలబడిన ఎర్రని రాతి గోపురం. దాని ఎత్తు 46 మీటర్లు. పునీత అగస్తీను సభకు చెందిన సన్యాసులు 1597-1602 నడుమ నిర్మించిన బ్రహ్మాండమైన దేవాలయంలో మిగిలినది అంతే. 1842లో దాని పైకప్పు కూలింది. 1931లో ముఖభాగమూ, గోపురంలో సగమూ పడిపోయాయి. ఈ శిథిలాలకూ మన హైదరాబాదుకూ ఒక చిత్రమైన బంధం ఏర్పడింది. జార్జియా దేశపు రాణి కెతెవాన్ 1624లో పర్షియాలోని షిరాజ్ నగరంలో తన మతాన్ని విడనాడక ప్రాణాలర్పించింది. ఆమె అస్థికలలో కొన్నింటిని అగస్తీను సన్యాసులు ఈ దేవాలయానికి తెచ్చి దాచారు. పురావస్తు శాఖవారి తవ్వకాలలో దొరికిన ఎముకలు ఆమెవేనా అన్న సందేహాన్ని తీర్చడానికి డీఎన్ఏ పరీక్ష జరిపినది హైదరాబాదులోని సీసీఎంబీ సంస్థ. ఆ పరీక్షాఫలితం ఆమెవే కావచ్చుననే నమ్మకానికి బలం చేకూర్చింది. 2021లో భారత ప్రభుత్వం ఆ పవిత్రావశేషంలో కొంతభాగాన్ని జార్జియాకు కానుకగా అప్పగించింది. దాదాపు 400 ఏళ్ళ తరువాత ఒక రాణి తన పుట్టింటికి చేరుకున్నది.

ఆ గోపురానికి ఎదురుగా, కోటను తలపించే మూడంతస్తుల భవనం ఒకటి ఉన్నది. దాని దళసరి గోడలకు బయటినుండి ఊతగోడలు దన్నుగా నిలిచి ఉన్నాయి. అదే పునీత మోనికమ్మ మఠం. క్రైస్తవ కళకు అంకితమైన సంగ్రహాలయం ఇప్పుడు ఉన్నది ఆ మఠంలోనే.

* * *

మోనికమ్మ పునీత అగస్తీనుకు తల్లి. దారితప్పిన కొడుకు కోసం ఏళ్ళ తరబడి కన్నీరు కార్చి ప్రార్థించిన తల్లిగా ఆమెను క్రైస్తవలోకం స్మరించుకుంటుంది. ఆమె పేర ఒక కన్యాస్త్రీల మఠం వెలయాలని సంకల్పించినవాడు గోవా అగ్రపీఠాధిపతి అలైషో ద మెనెజిస్. కేరళలోని మార్తోమా క్రైస్తవుల చరిత్రను మలుపు తిప్పిన 1599 నాటి ఉదయంపేరూరు సభను నడిపించినవాడు కూడా ఈయనే. మఠ నిర్మాణం 1606లో ఆరంభమై 1627లో ముగిసింది. 1636లో అగ్నిప్రమాదంలో తగులబడగా మరుసటి ఏడే పునర్నిర్మాణం మొదలైంది. ఆ 1636లోనే, ఫిబ్రవరి 8వ తేదీన, ఇక్కడి సిలువపై ఉన్న క్రీస్తు స్వరూపం కన్నులు తెరిచిందనీ, ముళ్ళ కిరీటం క్రిందనుండి రక్తం స్రవించిందనీ భక్తులు విశ్వసిస్తారు. ఆ సిలువను దర్శించడానికి నేటికీ జనం వస్తూనే ఉంటారు.

ఆసియాలో ఈ స్థాయి కన్యాస్త్రీల మఠం అంతకుముందు లేదు. నల్లముసుగు ధరించే ప్రధాన శ్రేణిలో చేరినవారు ఎక్కువగా పోర్చుగీసు సంతతి కుటుంబాల ఆడపడుచులు. వారు తమ వెంట కట్నం తెచ్చేవారు. ఆ ధనంతో మఠం భూములు సంపాదించుకున్నది. ఊళ్ళోని ఆస్తులూ, పెళ్ళికావలసిన పిల్లలూ మఠంలోకి తరలిపోతున్నారని నగర పాలకసభవారు రాజుకు మొరపెట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. తండ్రి మాట కాదనలేక వచ్చినవారెందరో, దైవపిలుపు విని వచ్చినవారెందరో ఆ గోడలకే ఎరుక. లోపల అడుగుపెట్టిన తరువాత బయటి లోకంతో మాట్లాడేది ఇనుప కటకటాల వెనుకనుండే.

అయితే ఆ గోడలలోనూ వంటిల్లు ఉన్నది. గోవాలో పండుగనాడు ప్రతి క్రైస్తవ గృహంలోనూ కనిపించే బెబింకా అనే పొరల మిఠాయి ఈ మఠంలోనే పుట్టిందని ఒక వాడుక. ముసుగులకు గంజిపెట్టడానికి కోడిగుడ్ల తెల్లసొన వాడగా మిగిలిపోయిన పచ్చసొనను ఏం చేయాలో తోచక, బెబియానా అనే సోదరి దానికి కొబ్బరిపాలు, పంచదార, మైదా, నెయ్యి కలిపి, ఒక పొర కాలిన తరువాత మరొక పొర పోసి, ఏడు పొరలతో దీనిని తయారుచేసిందట. అవి ఏడు కొండల లిస్బన్ నగరానికి గుర్తు అని కూడా చెబుతారు. కథ నిజమో కాదో చెప్పలేముగాని, ఒక్కొక్క పొర కాలేదాకా నిప్పుల ముందు ఓపికగా కూర్చోవలసిన ఆ వంటకం, కాలాన్ని గంటానాదంతో కొలుచుకునే కన్యాస్త్రీల చేతులలో పుట్టిందంటే నమ్మబుద్ధి వేస్తుంది.

1834లో పోర్చుగల్ ప్రభుత్వం తన దేశంలోని సన్యాసి సభలను రద్దుచేసింది. మరుసటి ఏడు ఆ శాసనం గోవాలో అమలైంది. మఠాలనుండి సన్యాసులను పంపివేశారు. కన్యాస్త్రీలను వెళ్ళగొట్టడానికి మాత్రం ప్రభుత్వానికి మనసొప్పలేదు. ఉన్నవారు ఉండవచ్చును, కొత్తవారిని చేర్చుకోరాదు అని ఆజ్ఞ అయింది.

ఈ ఆజ్ఞలోని అర్థాన్ని ఒకసారి ఊహించుకోండి. ఒక మఠం తలుపులు మూతపడలేదు. గంటలు మోగడం ఆగలేదు. కాని ఆనాటినుండి లోపలికి ఒక్కరూ రారు. ఏటా ఒకరో ఇద్దరో సమాధికి చేరుకుంటారు. ప్రార్థనాగీతంలో ఒక్కొక్క గొంతే తగ్గిపోతూ ఉంటుంది. నగరం బయట పాడుపడుతూ ఉంటే, మఠం లోపల ఖాళీ అవుతూ వచ్చింది. యాభై సంవత్సరాలు ఇలా గడిచాయి. చివరి కన్యాస్త్రీ 1885లో కన్నుమూసింది. అప్పుడు ప్రభుత్వం భవనాన్ని స్వాధీనం చేసుకున్నది. తరువాతి కాలంలో ఇక్కడ సైనికులు కూడా కాపురమున్నారు. 1961లో గోవాకు విముక్తి కలిగింది. 1964లో కన్యాస్త్రీలకు వేదాంత విద్య నేర్పే మాతేర్ దేయీ సంస్థ ఇక్కడ వెలసింది. అలా ఎనభై ఏళ్ళ ఎడబాటు తరువాత సోదరీమణుల అడుగుల చప్పుడు ఈ వరండాలలో తిరిగి వినిపించింది.

* * *

సంగ్రహాలయం కథ మరొకచోట మొదలైంది. గోవా పల్లెల్లోని చర్చిలలో, చిన్నచిన్న ప్రార్థనామందిరాలలో, పెద్ద కుటుంబాల ఇళ్ళలో శతాబ్దాల నాటి స్వరూపాలు, వెండి పాత్రలు, పట్టు వస్త్రాలు ఉండేవి. కొయ్యను చెదలు తింటున్నవి. దంతం వర్షాకాలపు చెమ్మకు పగులుతున్నది. పాతవస్తువుల వ్యాపారులు ఊళ్ళవెంట తిరుగుతున్నారు. పాతది ఇచ్చివేసి కొత్త ప్లాస్టరు బొమ్మ పెట్టుకుంటే శుభ్రంగా ఉంటుందనుకునే విచారణలు కూడా లేకపోలేదు. ఈ స్థితిలో గోవా అగ్రపీఠమూ, ఇంటాక్ సంస్థా, లిస్బన్‌లోని కలూస్త్ గుల్బెంకియన్ ప్రతిష్ఠానమూ చేతులు కలిపి, 1994లో రాషోల్ గురువిద్యాలయంలో ఈ సంగ్రహాలయాన్ని నెలకొల్పాయి. 2002లో దానిని పాత గోవాలోని ఈ మఠానికి తరలించారు. ఇటీవల కొంతకాలం మూసివేసి, మరమ్మతులు జరిపి, 2022లో మళ్ళీ తెరిచారు.

లోపలికి అడుగుపెట్టినప్పుడు నన్ను మొదట ఆకట్టుకున్నది బంగారు పూత పూసిన వెండి పక్షి. గోళంమీద నిలబడి, రెక్కలు విప్పి, తన ముక్కుతో తన రొమ్మునే చీల్చుకుంటున్నది. ఇది ఈ మఠానికే చెందిన 17వ శతాబ్దపు వస్తువు. దివ్యసత్ప్రసాదాన్ని భద్రపరచడానికీ, ఆరాధనవేళ భక్తులకు చూపడానికీ దీనిని చేయించారు. పక్షి రొమ్ములో తెరిచి ఉన్న చోట ఆ తెల్లని అప్పాన్ని ఉంచేవారు.

ఆ పక్షి మరేదో కాదు, మనం నేలపట్టులోనూ కొల్లేటిలోనూ చూసే గూడబాతు. పిల్లలు ఆకలితో అలమటిస్తూ ఉంటే తల్లి గూడబాతు తన రొమ్ము చీల్చి నెత్తుటితో వాటిని బ్రతికిస్తుందని ప్రాచీన కాలంలో యూరపువారు నమ్మారు. సంచిలోని చేపలను పిల్లలకు అందించడానికి అది ముక్కును రొమ్ముకు అదిమిపెట్టుకోవడం దూరంనుండి చూసి అలా భ్రమపడి ఉంటారని చెబుతారు. శాస్త్రం ఒప్పకపోయినా ఆ భావం నిలిచింది. మానవుల కోసం రక్తం ధారపోసిన క్రీస్తుకు గూడబాతు చిహ్నమైనది. తమకంటూ బిడ్డలు కలగని కన్యాస్త్రీలు రెండు శతాబ్దాల పాటు ఈ తల్లిపక్షి ముందు మోకరిల్లారన్న సంగతి గుర్తుకు వచ్చి, నేను అక్కడ కొంతసేపు ఆగిపోయాను.

మరొకచోట బాప్తిస్త యోహాను నిలిచి ఉన్నాడు. సువిశేషాలను బట్టి ఆయన ధరించినది ఒంటె రోమాల వస్త్రం. గోవా శిల్పి ఒంటెను చూసి ఎరుగడు. ఎడారిలో తపస్సు చేసుకునే మహనీయుడని గురువులు చెప్పగా విన్నాడు. అతనికి తెలిసిన మహాతపస్వి శివుడు. కాబట్టి యోహాను నడుముకు పులితోలు చుట్టాడు.

దంతపు స్వరూపాలను దగ్గరగా చూస్తే ఇంకొక విశేషం తెలుస్తుంది. చాలా మూర్తులు నడుము దగ్గర కొంచెం ప్రక్కకు ఒరిగి ఉంటాయి. ఏనుగు దంతానికి పుట్టుకతోనే వంపు ఉన్నది గనుక, శిల్పి ఆ వంపును వృథాపోనీయకుండా మూర్తి నిలుపులోకి మలచుకున్నాడు. ఈ దంతంలో ఎక్కువ భాగం ఆఫ్రికాలోని మొజాంబిక్ తీరంనుండి ఓడలలో వచ్చేది. గోవా దంతశిల్పులకు ప్రపంచమంతటా పేరు తెచ్చినది గొర్రెలకాపరిగా బాలయేసు మూర్తి. గుట్టమీద కూర్చుని, గొర్రెపిల్లను ఒడిలో పెట్టుకుని, చెంపకు చేయి చేర్చి, అరమోడ్పు కన్నులతో ధ్యానంలో మునిగి ఉంటాడు. ఆ ముఖాన్ని చూసినవారికి బుద్ధుడు స్ఫురించకమానడు.

సంచార గురువులు ఊరూరా వెంట తీసుకుపోయే చిన్న పీఠం కూడా ఇక్కడ ఉన్నది. మడిచివేస్తే అదొక పెట్టె. విప్పితే సిలువ, కొవ్వొత్తుల స్తంభాలతో దివ్యబలిపూజకు సిద్ధమైన గుడి. కాలిబాటలలో, పడవలలో, వానలో తడుస్తూ అది ఎన్ని పల్లెలు చూసి ఉంటుందో!

* * *

ఇంత పనితనం ఎవరిది? ఈ వస్తువులలో దేనిమీదా చేసినవాని పేరు నాకు కనిపించలేదు. జవాబు మాత్రం చరిత్రలో ఉన్నది. అది సుఖంగా చదవగలిగిన చరిత్ర కాదు.

1540లో పోర్చుగీసువారు గోవా ద్వీపంలోని హిందూ దేవాలయాలను కూల్చివేశారు. 1567లో సాష్టి ప్రాంతంలోని ఆలయాలకు అదే గతి పట్టింది. భక్తులు దేవతామూర్తులను రాత్రికి రాత్రి నది దాటించి, తమ ఏలుబడికి వెలుపలనున్న ఫోండా ప్రాంతానికి చేర్చారు. ఈనాడు యాత్రికులు సందర్శించే మంగేశీ, శాంతాదుర్గ ఆలయాలు అలా వలసవెళ్ళిన దేవతల నివాసాలే. 1560లో మొదలైన మతవిచారణ న్యాయస్థానం నడుమ స్వల్పకాలం తప్ప 1812 వరకూ జనాన్ని వణికించింది. 1567లో గోవాలో సమావేశమైన మతాధికారుల సభ, క్రైస్తవ పూజావస్తువులను క్రైస్తవేతరులచేత చేయించరాదని నిషేధం విధించింది.

ఒక నిషేధం పుట్టిందంటే, దానికి ముందు ఆ పని జరుగుతున్నదని అర్థం. తరువాత కూడా జరుగుతూనే ఉన్నది. ఎందుకంటే వెండిరేకును వెనుకనుండి సుత్తితో తట్టి ముందువైపు ఉబ్బెత్తు బొమ్మ తేగలిగినవారు, టేకు దుంగలో తామరలను పూయించగలిగినవారు ఇక్కడి కంసాలులూ వడ్రంగులే. వారిలో కొందరు మతం మారారు, మరికొందరు మారలేదు. చేతులు మాత్రం తండ్రి తాతలు నేర్పిన పనినే చేశాయి. అందుకే గోవా చర్చిలలో ఉపదేశవేదికలను భుజాలపై మోసే నాగినులు కనిపిస్తారు. దేవదూతల పాదాల క్రింద మన గుడి స్తంభాలమీది లతలు అల్లుకుంటాయి. గోవాలో ఈ పనివారి కులానికి నేటికీ చారి అనే పేరు. మన ఊళ్ళలో కొలిమి ముందు కూర్చున్న పెద్దాయనను ఆచారిగారూ అని పిలుస్తాము కదా! ఆ మాట వినగానే నాకు ఆ అద్దాల వెనుకనున్న మూర్తులు హఠాత్తుగా ఇంటి చుట్టాల వలె తోచాయి.

తన ఊరి గుడిని కూల్చినవారి కోసం అంత శ్రద్ధగా ఉలి పట్టినవాని మనసులో ఏమున్నది? భయమా, కూలి డబ్బులా, కొత్త విశ్వాసమా, పనిమీది మమకారమా? ఒక్కొక్కనిలో ఒక్కొక్కటి ఉండవచ్చును. అన్నీ ఒకనిలోనే ఉండవచ్చును. ఈ సంగ్రహాలయం నుండి బయటపడే యాత్రికుడు ఆ కూల్చివేతను మరచిపోరాదు, ఈ పనితనాన్నీ చిన్నచూపు చూడరాదు. రెండింటినీ ఒకే మనసులో మోయడం కష్టమే.

* * *

సాయంకాలం కావస్తున్నది. మరియమాత కొయ్య స్వరూపం ఒకటి ఉన్న అద్దాల బీరువా దగ్గరకు ఒక వృద్ధురాలు వచ్చింది. పూలపూల గౌను, చేతిలో జపమాల. వెంట పదేళ్ళ మనుమరాలు. ఆమె బొమ్మ క్రిందనున్న వివరాల చీటీని చదవలేదు. సిలువ గురుతు వేసుకుని, పెదవులు కదుపుతూ అలా నిలబడింది. తరువాత రెండు వేళ్ళు అద్దానికి ఆనించి, ఆ వేళ్ళను ముద్దుపెట్టుకున్నది.

"ఈ మాత మీకు తెలుసునా, అమ్మా?" అని హిందీలో అడిగాను.

"తెలియకేం? మా ఊరి మందిరంలోనిదే," అన్నది ఆమె కొంకణి కలిసిన హిందీలో. "నా పెళ్ళి ఈ తల్లి ఎదుటనే జరిగింది. చెదలు పట్టిందని ఇక్కడికి తెచ్చారు. మంచిపనే. ఇప్పుడు పురుగు లేదు, ముఖం కూడా కడిగినట్లు ఉన్నది. కాని ఇక్కడ దీపం పెట్టనివ్వరు కదా, నాయనా! అందుకని ఏటా పండుగనాటికి వచ్చి నేనే కనిపించి వెడతాను."

మనుమరాలు ఆమె గౌను పట్టి లాగింది. "ఆంటీ, నెమ్మదిగా. మెట్లు జాగ్రత్త," అని ద్వారం దగ్గర ఉన్న యువకుడు ఆమెకు చేయి అందించాడు. అతనికి ఆమె కొత్త కాదని చూడగానే తెలిసింది.

వారు వెళ్ళిన తరువాత ఆ యువకుడు గుడ్డ తీసుకుని బీరువాలు తుడవసాగాడు. ఒకటొకటిగా అన్ని అద్దాలూ తుడిచాడు. మరియమాత బీరువా దగ్గరికి వచ్చేసరికి అద్దంమీద రెండు వేళ్ళ గురుతు స్పష్టంగా కనిపిస్తున్నది. అతను దానికేసి ఒకసారి చూశాడు. నన్ను చూసి చిన్నగా నవ్వాడు.

"ఇది రేపు ఉదయం తుడుస్తానండి," అన్నాడు.

నేను బయటికి వచ్చాను. మఠం పై అంతస్తునుండి సోదరీమణుల సాయంకాల ప్రార్థన వినిపిస్తున్నది. ఎదురుగా అగస్తీను గోపురం ఎండపొడకు మరింత ఎర్రబారి ఉన్నది. కొండ దిగేదాకా ఆ గొంతులు నా వెంట వచ్చాయి.